విన్సెంట్ ఫెర్రర్

విన్సెంట్ ఫెర్రర్ (1920 ఏప్రిల్ 9 - 2009 జూన్ 19) స్పెయిన్ దేశంలో పుట్టి, అనంతపురం జిల్లాలో నాలుగు దశాబ్దాలు పనిచేసిన సంఘసేవకుడు. గ్రామీణాభివృద్ధి కోసం 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్.డి.టి.) ద్వారా ఈయన ప్రసిద్ధుడు. స్పానిష్ భాషలో ఈయన పూర్తి పేరు విసెంటే ఫెర్రర్ మోంచో. అనంతపురం ప్రజలు ఫాదర్ ఫెర్రర్ అని పిలిచేవారు. చర్చి గురుత్వాన్ని వదలిన తరువాత కూడా ఆ పిలుపు మారలేదు. 1968లో ఈయనను దేశం విడిచి వెళ్ళవలసిందిగా భారత ప్రభుత్వం ఆదేశించింది. మరుసటి సంవత్సరమే అదే దేశంలో, మరొక రాష్ట్రంలో, కొత్తగా జీవితం మొదలుపెట్టే అవకాశం దక్కింది. పరాయి దేశంలో స్థిరపడి ఒక సంస్థను నిలబెట్టదలచిన మనిషికి నివాస అనుమతి ఎంత ముఖ్యమో, అది ఎంత సులభంగా చేజారగలదో ఈయన జీవితం తెలియజేస్తుంది.

బాల్యం, యుద్ధం

ఫెర్రర్ బార్సిలోనా నగరంలో జన్మించాడు. బాల్యంలో కొంతకాలం వలెన్సియా ప్రాంతంలోని గాందియా పట్టణంలో గడిపాడు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి ఈయన వయసు పదహారు సంవత్సరాలు. యుద్ధం చివరి దశలో గణతంత్ర ప్రభుత్వం పెద్దవారు చాలక 1920, 1921లలో పుట్టిన కుర్రవాళ్ళను కూడా సైన్యంలోకి పిలిచింది. మీసాలు రాని ఆ దళాన్ని జనం పాలసీసా దళమని పిలిచేవారు. ఫెర్రర్ ఆ విధంగానే సైన్యంలో చేరి, 1938లో ఎబ్రో నది వద్ద జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు.

గణతంత్ర పక్షం ఓడిపోయాక, 1939 ఆరంభంలో లక్షలాది మందితో పాటు ఈయన కూడా సరిహద్దు దాటి ఫ్రాన్సు చేరాడు. అక్కడ ఈ శరణార్థులను సముద్రపు ఒడ్డున ఇసుకలో కంచెలు వేసి నిర్బంధించారు. ఆర్జెలెస్ అనే చోట ఉన్న అటువంటి శిబిరంలో ఫెర్రర్ ఉన్నాడు. అక్కడినుండి స్పెయిన్‌కు తిరిగి వచ్చాక ఫ్రాంకో ప్రభుత్వం బెతాన్సోస్ నిర్బంధ శిబిరంలో ఉంచింది. ఆ తరువాత సైనిక సేవ కూడా చేయించింది. 1943 వరకు విడుదల కాలేదు. పరాయి గడ్డపై ఏ హక్కూ లేని మనిషిగా ఉండడమంటే ఏమిటో ఈయనకు పందొమ్మిదేళ్ళు నిండకముందే తెలిసివచ్చింది.

విడుదలయ్యాక కొంతకాలం న్యాయశాస్త్రం చదివి, ఆ చదువు వదలి 1944లో జెస్యూట్ సంఘంలో చేరాడు.

భారతదేశంలో ప్రవేశం, మన్మాడ్

1952 ఫిబ్రవరి 13న ఫెర్రర్ జెస్యూట్ మిషనరీగా బొంబాయి ఓడరేవులో దిగాడు. పూణేలో చదువు పూర్తిచేసుకొన్నాడు. తరువాత నాసిక్ జిల్లాలోని మన్మాడ్‌లో పని ప్రారంభించాడు. మన్మాడ్ రైల్వే కూడలిగా పేరున్న ఊరు. చుట్టుపక్కల పల్లెలు మాత్రం వర్షాధారమైనవి. అప్పుల పాలైన చిన్న రైతులు అక్కడ ఎక్కువ.

ఫెర్రర్ అక్కడ మొదట చేపట్టినది బావుల త్రవ్వకం. రైతు తన పొలంలో తానే బావి త్రవ్వుకోవాలి. త్రవ్వినన్నాళ్ళు కూలికి పోలేడు కాబట్టి ఆ కుటుంబానికి గోధుమలు, నూనె ఇచ్చేవారు. పనిముట్లకు, పంపులకు వడ్డీ లేని అప్పు ఇచ్చేవారు. ఈ పద్ధతిలో గమనించదగ్గ విషయం ఒకటి ఉంది. జీతగాడికి జబ్బు చేసినా, పని ఆగిపోయినా ఎంతో కొంత రక్షణ కల్పించే చట్టాలు అప్పటికే వచ్చాయి. ఉద్యోగుల రాజ్యబీమా చట్టాన్ని 1948లోనూ, భవిష్యనిధి చట్టాన్ని 1952లోనూ చేశారు. అవి రెండూ కర్మాగారాలు, సంస్థలలో పనిచేసేవారి కోసం చేసినవి. తన పొలాన్ని తానే దున్నుకొనే రైతుకు యజమాని ఉండడు, కాబట్టి యజమాని చెల్లించే వాటా కూడా ఉండదు. అతని కుటుంబానికి బీమా అంటే ఊరి వడ్డీ వ్యాపారే. మన్మాడ్ గోధుమలు, వడ్డీలేని అప్పు ఆ లోటును కొంతవరకు పూడ్చాయి.

రైతులు పెద్ద సంఖ్యలో ఫెర్రర్ వెంట నడవడం స్థానిక రాజకీయ నాయకులలో కొందరికి, భూస్వాములకు రుచించలేదు. సహాయం పేరుతో మతం మారుస్తున్నాడన్న ఆరోపణ వచ్చింది. ఆ కాలంలో ఈ అనుమానం ఒక్క మన్మాడ్‌కే పరిమితం కాదు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం నియమించిన నియోగి కమిటీ మత మార్పిడే ముఖ్యోద్దేశంగా వచ్చిన విదేశీ మిషనరీలను వెనక్కి పంపాలని 1956లో సిఫారసు చేసింది. ఒరిస్సా 1967లోనూ, మధ్యప్రదేశ్ 1968లోనూ మత మార్పిడులపై చట్టాలు చేశాయి. మన్మాడ్ పనిని మెచ్చుకొంటూ 1968లో ఇలస్ట్రేటెడ్ వీక్లీ పత్రిక పెద్ద వ్యాసం ప్రచురించింది. ఆ వ్యాసం మేలు చేయకపోగా, ప్రత్యర్థుల దృష్టిని మరింతగా ఈయన మీదికి మళ్ళించింది.

బహిష్కరణ ఉత్తర్వు

1968లో ఫెర్రర్ దేశం విడిచి వెళ్ళాలని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు మహారాష్ట్ర ముఖ్యమంత్రి వసంతరావు నాయక్, కేంద్ర హోం మంత్రి యశ్వంతరావు చవాన్, ప్రధానమంత్రి ఇందిరా గాంధీ.

చట్టం దృష్టిలో ఫెర్రర్ పరిస్థితి చాలా బలహీనమైనది. 1946 నాటి విదేశీయుల చట్టం ప్రకారం ఏ విదేశీయుడినైనా దేశంలో ఉండరాదని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉండేది. ఒక జర్మన్ దేశీయుని కేసులో 1955లో సుప్రీంకోర్టు ఈ అధికారానికి పరిమితులు లేవని తీర్పు చెప్పింది. రాజ్యాంగం 19వ అధికరణంలోని హక్కులు, అంటే దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు, ఏ వృత్తినైనా వ్యాపారాన్నైనా చేపట్టే హక్కు, పౌరులకు మాత్రమే వర్తిస్తాయి. 21వ అధికరణం ప్రకారం ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు ఉన్న రక్షణ విదేశీయులకు కూడా ఉంటుంది గాని, అది ఇక్కడ ఉండిపోయే హక్కు ఇవ్వదు. ఎన్ని సంవత్సరాలు ఉన్నా ఈ స్థితి మారదని మరొక మిషనరీ విషయంలో తరువాత రుజువైంది. 1937 నుండి భారతదేశంలో ఉన్న బెల్జియం దేశీయుడు లూయీ డి రేట్ తనను పంపివేయరాదని కోర్టుకు వెళ్ళగా, 1991లో సుప్రీంకోర్టు ఆయన వాదనను త్రోసిపుచ్చింది. 1946 చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. అయితే విదేశీయుని నివాసం ప్రభుత్వ అనుమతికి లోబడి ఉండడమనే మూలసూత్రం మారలేదు.

కాబట్టి ఫెర్రర్ పక్షాన నిలిచినది చట్టం కాదు, రైతులు. దాదాపు 30,000 మంది మన్మాడ్ నుండి బొంబాయికి సుమారు 250 కిలోమీటర్లు పాదయాత్ర చేశారని చెబుతారు. మేధావులు, పత్రికలవారు, కొందరు నాయకులు, వేర్వేరు మతాల పెద్దలు వారికి మద్దతు ఇచ్చారు. ఇందిరా గాంధీ దీనికి కనుగొన్న పరిష్కారం ఆమె రాజకీయ చాతుర్యానికి తగినట్లే ఉంది. ఉత్తర్వు రద్దయిందని ప్రకటించలేదు, అమలైందనీ ప్రకటించలేదు. ఫెర్రర్ కొద్దికాలం సెలవు మీద విదేశానికి వెళతాడని, తిరిగి వస్తే భారతదేశం స్వాగతిస్తుందని తెలియజేసింది. ఆ విధంగా మహారాష్ట్ర ప్రభుత్వం మాట నెగ్గింది, రైతుల కోరికా నెరవేరింది.

1968లో స్పెయిన్ వెళ్ళిన ఫెర్రర్ ఆ నెలలను వృథా చేయలేదు. అక్కడ అక్సియాన్ ఫ్రాటెర్నా అనే సంస్థను ఏర్పరచి, భారతదేశంలో చేయబోయే పనికి నిధులు సేకరించాడు. ఇదే పేరు తరువాతి కాలంలో అనంతపురంలోని పర్యావరణ కేంద్రానికి కూడా వచ్చింది.

అనంతపురం

1969లో ఫెర్రర్ తిరిగివచ్చాడు. మహారాష్ట్రలో పనిచేసే అవకాశం లేదు. అతనిని రానివ్వడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంగీకరించింది. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. పనికోసం ఫెర్రర్ ఎంచుకొన్నది అనంతపురం జిల్లా.

1882లో బళ్ళారి జిల్లా నుండి విడదీసి ఏర్పరచిన ఈ జిల్లా దక్కను పీఠభూమి మీద, వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉంది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల వద్దనే బలం కోల్పోతాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుండి ఇంత లోపలికి వచ్చేసరికి సన్నగిల్లుతాయి. ఏడాదికి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షం పడే జిల్లాగా దీనిని పేర్కొంటారు. ఎర్ర నేలలు పలుచన, నీటిని ఎక్కువసేపు నిలుపుకోవు. స్థానికులు చెనిక్కాయ అని పిలిచే వేరుశనగ ముఖ్యమైన పంట. విత్తిన తరువాత నెలరోజులు వాన ముఖం చాటేస్తే పంట పోతుంది, విత్తనానికి చేసిన అప్పు మాత్రం మిగులుతుంది. అటువంటి సంవత్సరాలలో పల్లెలు ఖాళీ అయి జనం బెంగుళూరుకు, కేరళకు పనులు వెతుక్కుంటూ పోవడం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. ఊళ్ళు విడిచి పోయేవారి మధ్యకు, స్థిరపడే చోటు వెతుక్కుంటూ ఒక విదేశీయుడు వచ్చి చేరాడు.

కొద్దిమంది సహచరులతో మొదలైన పనికి 1969లోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అని పేరు పెట్టారు.

వివాహం

1970లో ఫెర్రర్ జెస్యూట్ సంఘాన్ని వదలి, అన్నే పెర్రీని వివాహం చేసుకొన్నాడు. ఆమె ఇంగ్లండులోని ఎసెక్స్‌లో 1947లో జన్మించింది. పదహారేళ్ళ వయసులో భారతదేశం వచ్చి, బొంబాయిలో పత్రికా విలేఖరిగా పనిచేసింది. బహిష్కరణ వివాదం నడుస్తున్నప్పుడు ఫెర్రర్‌ను కలుసుకొంది. తరువాత ఉద్యోగం వదలి అనంతపురం చేరింది. అప్పట్లో కామన్వెల్త్ దేశాల పౌరులు భారతదేశానికి రావడానికి వీసా అవసరం ఉండేది కాదు (ఆ సౌకర్యం 1984 వరకు సాగింది). స్పెయిన్ దేశీయుడికి మాత్రం అవసరం ఉండేది. ఒకే ఇంట్లో ఇద్దరు విదేశీయులకు చట్టం రెండు ద్వారాలు చూపింది.

ఈ దంపతులకు తారా, మాంచో, యమున అని ముగ్గురు సంతానం. మాంచో అన్నది స్పెయిన్ సంప్రదాయం ప్రకారం తండ్రి పేరులో రెండవదిగా వచ్చే ఇంటిపేరు, అంటే నాయనమ్మ పుట్టింటి పేరు.

సంఘాన్ని వదలడంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. దానిని చాలామంది గుర్తించరు. జెస్యూట్‌గా ఉన్నంతకాలం తిండి, వైద్యం, ముసలితనం అన్నీ సంఘం చూసుకొంటుంది. బయటికి వచ్చిన మనిషికి ఏదీ ఉండదు. స్పెయిన్‌లో చర్చి గురువులను సామాజిక బీమాలో చేర్చినది 1977లో. సన్యాస సంఘాల సభ్యులను 1981లో స్వయం ఉపాధి వారి బీమా విభాగంలో చేర్చారు. గురుత్వాన్ని వదలినవారు అంతకుముందు గడిపిన సంవత్సరాలను పింఛనుకు లెక్కించడానికి 1998 వరకు ఆగవలసి వచ్చింది. 1970లో బయటికి వచ్చినవారికి స్వదేశంలో గాని, వచ్చిన దేశంలో గాని అటువంటి ఆధారం లేదు. యాభై ఏళ్ళ వయసులో ఫెర్రర్ ఇటువంటి స్థితిలోనే అనంతపురంలో రెండవసారి కాపురం, పని మొదలుపెట్టాడు. ఆ విషయంలో ఈయనకూ, ఈయన చుట్టూ ఉన్న చెనిక్కాయ రైతుకూ పెద్ద తేడా లేదు.

ట్రస్టు నిర్మాణం

మన్మాడ్‌లో పని ఫెర్రర్ అనే వ్యక్తి చుట్టూ తిరిగింది. ఆ వ్యక్తిని పంపివేయాలని ఉత్తర్వు రాగానే పని అంతా ప్రమాదంలో పడింది. అనంతపురంలో నిర్మాణం వేరుగా సాగింది. విదేశీయుని నివాస అనుమతి ఎప్పుడైనా ఆగిపోవచ్చు, ట్రస్టుకు ఆ బెడద లేదు. పల్లెలలో పనిచేసే సిబ్బంది దాదాపు అందరూ స్థానికులు, తెలుగువారు. వారిలో చాలామంది సంస్థ సహాయంతో చదువుకొన్న దళిత, వెనుకబడిన కులాల కుటుంబాల పిల్లలే. మతబోధకు ట్రస్టు కార్యక్రమాలలో చోటు లేదు.

డబ్బు ప్రధానంగా స్పెయిన్ నుండి వచ్చేది. ఒక స్పెయిన్ కుటుంబం అనంతపురం పల్లెలోని ఒక బిడ్డ పేరు మీద నెలనెలా కొంత సొమ్ము పంపుతుంది. ఉత్తరాలు, ఫొటోలు ఇచ్చిపుచ్చుకొంటారు. సొమ్మును మాత్రం ఆ ఒక్క కుటుంబానికి ఇవ్వకుండా ఊరి బడికి, వైద్యానికి, ఇళ్ళకు ఖర్చు చేస్తారు. ఊళ్ళో ఒక బిడ్డకు దాత దొరికి, పక్కింటి బిడ్డకు దొరకకపోతే వచ్చే అసూయను ఈ ఏర్పాటు చాలావరకు తప్పించింది. 1996లో బార్సిలోనా కేంద్రంగా విసెంటే ఫెర్రర్ ఫౌండేషన్ ఏర్పడ్డాక ఈ దాతల సంఖ్య లక్ష దాటింది.

ఇక్కడ కూడా చట్టం అడుగడుగునా ఉంది. అత్యయిక పరిస్థితి కాలంలో, 1976లో, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వచ్చింది. అప్పటినుండి విదేశీ సొమ్ము పుచ్చుకొనే సంస్థలు ప్రతి పైసాకూ కేంద్ర హోం శాఖకు లెక్క చూపవలసి వచ్చింది. దాని స్థానంలో 2010లో చేసిన చట్టం నమోదును ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలన్నది. 2020 సవరణతో విదేశీ విరాళాలన్నీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలోని ఖాతాకే రావాలన్న నియమం చేరింది. మనిషికి వీసా ఎటువంటిదో, సంస్థకు ఈ నమోదు అటువంటిది.

ప్రధాన కార్యక్రమాలు

నీరు, భూమి: చెక్‌డ్యాములు, చెరువుల మరమ్మత్తు, బావులు, బిందు సేద్యం, చెట్ల పెంపకం. కరువును ఆపలేరు గాని, పడిన వానను నిలుపుకొంటే రెండవ పంట కాకపోయినా మొదటి పంట దక్కుతుందన్నది దీని లెక్క.

ఇళ్ళు: పూరి గుడిసెల స్థానంలో పక్కా ఇళ్ళు కట్టించారు. ఇంటిని ఇల్లాలి పేరు మీద ఇవ్వడం ట్రస్టు పద్ధతి. త్రాగి అమ్ముకోవడానికి, అప్పుకింద పోగొట్టుకోవడానికి ఇందువల్ల వీలు తగ్గింది.

స్త్రీల సంఘాలు: పొదుపు, ఆవర్తక నిధి నుండి చిన్న అప్పులు. పాడి గేదె కొనడానికో, చిన్న అంగడి పెట్టుకోవడానికో అప్పు తీసుకొన్న స్త్రీ తిరిగి చెల్లించిన సొమ్ము ఇంకొకరికి చేరుతుంది. 1985లో దేశవ్యాప్తంగా వచ్చిన సమగ్ర పంటల బీమా పథకం బ్యాంకు అప్పు తీసుకొన్న రైతులకే వర్తించింది. పాసుపుస్తకం లేని కౌలుదారుకు, భూమి లేని కూలికి, పల్లెలో స్వయంగా బ్రతుకు వెళ్ళదీసుకొనే స్త్రీకి అది అందలేదు. వారికి ఆపదలో పనికివచ్చినవి ఈ సంఘాల నిధులే.

వైద్యం: కళ్యాణదుర్గం, కణేకల్లు, బత్తలపల్లిలలో ఆసుపత్రులు స్థాపించారు. వీటిలో పెద్దది బత్తలపల్లి ఆసుపత్రి. హెచ్.ఐ.వి. రోగులను దగ్గరికి రానీయని కాలంలో వారికి ఇక్కడ ప్రత్యేకంగా చికిత్స అందింది.

విద్య, వికలాంగులు: పల్లెలలో బడికి అనుబంధంగా పాఠశాలలు, పై చదువులకు సహాయం, చూపు లేని, వినికిడి లేని పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు. స్పానిష్, జర్మన్, ఫ్రెంచి నేర్పే భాషా పాఠశాల కూడా ట్రస్టుకు ఉంది. అక్కడ చదివిన పల్లె యువతీయువకులు ఆ భాషల బలంతో నగరాలలోని కంపెనీలలో ఉద్యోగాలు పొందారు.

క్రీడలు: అనంతపురంలోని క్రీడా గ్రామం క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ శిక్షణకు ప్రసిద్ధం. టెన్నిస్ క్రీడాకారుడు రఫాయెల్ నాదల్ ఫౌండేషన్ సహకారంతో 2010లో ఇక్కడ టెన్నిస్ పాఠశాల ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు ఈ మైదానంలో జరిగాయి.

కరువు పీఠభూమిని దాటి, నల్లమల అడవులలోని చెంచు గూడేలకు కూడా ట్రస్టు పని విస్తరించింది.

పురస్కారాలు

1998లో ఫెర్రర్‌కు స్పెయిన్ దేశపు ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ పురస్కారం సామరస్య విభాగంలో లభించింది. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు స్థాపకుడు ముహమ్మద్ యూనుస్, నికొలాస్ కాస్తెయానోస్, హోవాకిన్ సాన్స్ గాదెయా ఆ ఏడాది ఈయనతో పాటు ఈ పురస్కారాన్ని పంచుకొన్నారు. పూచీకత్తు లేని పేదలకు అప్పు ఇచ్చిన యూనుస్, వడ్డీ లేకుండా అప్పు ఇచ్చిన ఫెర్రర్ ఒకే వేదికపై నిలవడం సముచితంగానే ఉంది.

చివరి రోజులు

2009 మార్చిలో ఫెర్రర్ పక్షవాతానికి గురయ్యాడు. కోలుకోలేక 2009 జూన్ 19న అనంతపురంలో 89 సంవత్సరాల వయసులో మరణించాడు. అంత్యక్రియలకు జిల్లా నలుమూలల నుండి వేలాది మంది తరలివచ్చారు. బత్తలపల్లిలో ఈయనను ఖననం చేశారు. ఒకప్పుడు సెలవు పేరుతో పంపివేసిన దేశంలోనే ఈయన సమాధి ఉంది.

ఆ తరువాత ట్రస్టు బాధ్యతలను అన్నే ఫెర్రర్, కుమారుడు మాంచో ఫెర్రర్ చేపట్టారు. ఈయన జీవితం ఆధారంగా స్పెయిన్‌లో 2013లో ఒక టెలివిజన్ చిత్రం వచ్చింది. అందులో ఫెర్రర్ పాత్రను ఇమానోల్ అరియాస్ ధరించాడు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో బత్తలపల్లి మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. కళ్యాణదుర్గం, కణేకల్లు అనంతపురం జిల్లాలోనే ఉన్నాయి.